సందేహాలు – సమాధానాలు: వల వేరు, వలయం వేరు

సందేహం: మా బడి పిల్లల కోసం కంప్యూటర్ పాఠాలకు తెలుగులో నోట్సు రాస్తున్నాం. మాలో ఒకరు నెట్‌వర్క్‌ను 'వలయం' అన్నారు. దాంతో ఒకేచోటి కంప్యూటర్లను కలిపే లాన్ 'స్థానిక వలయం', దూరదూరాలవి కలిపే వాన్ 'విస్తృత వలయం' అయ్యాయి. తీరా రింగ్ టోపాలజీ, అంటే యంత్రాలను గుండ్రంగా కలిపే పద్ధతి, దగ్గరికి వచ్చేసరికి 'వలయ వలయం' అని రాయాల్సి వచ్చింది. వల నుంచే వలయం పుట్టింది కాబట్టి తప్పు లేదని ఆయన వాదన. నిజమేనా? 'జాలం' అనాలా, 'నెట్‌వర్క్' అనే ఉంచేయాలా? అన్నట్టు, బస్ టోపాలజీకి ఆర్టీసీ బస్సు బొమ్మ వేశాం.
– ఒక ఉపాధ్యాయిని, కావలి

సమాధానం: అమ్మా, 'వలయ వలయం' దగ్గరైనా మీ కలం ఆగినందుకు సంతోషం. ఆగకుండా రాసి అచ్చుకిచ్చేసేవాళ్లే ఈ రోజుల్లో ఎక్కువ. వల నుంచి వలయం పుట్టలేదు. ఆ రెంటికీ ఉన్న చుట్టరికం చెవికి తోచేదే.

వల మన మాట. తమిళులు వలై అంటారు, మలయాళులు మనలాగే వల అంటారు, కన్నడిగులు బలె అంటారు. మన వకారం వాళ్ల నోట బకారం కావడం మామూలే. మన విల్లు వాళ్లకు బిల్లు, మన వేరు వాళ్లకు బేరు. ఇన్ని ఇళ్లలో ఇలా నిలిచిందంటే ఈ భాషలు వేరు కాపురాలు పెట్టకముందు నుంచీ ఉన్న మాటన్నమాట. వలయం అలా కాదు, సంస్కృతం నుంచి తెచ్చుకున్నాం. కడియం అనీ, గుండ్రంగా చుట్టినది అనీ అర్థం. ఆ మాట సంస్కృతానికే ద్రావిడం నుంచి వెళ్లిందనే పండితులూ ఉన్నారు. అది నిజమైనా మీ సహోద్యోగి వాదం నిలవదు. తమిళంలో చేపలు పట్టేది వలై, చేతికి వేసుకునే గాజు వళై. వంచడానికీ, చుట్టుముట్టడానికీ ఆ రెండో మాటే. ఒకచోట లకారం, ఒకచోట ళకారం. సంస్కృతం మీదుగా వచ్చిన వలయంలో ళకారం కనపడదు కనుక మన చెవికి రెండూ ఒకటేననిపిస్తాయి. తడ దాటి నాలుగు తమిళ మాటలు వింటే ఈ భ్రమ తొలగుతుంది. వలకేలు అన్నప్పటి వల కుడిపక్క అనే అర్థంలో వచ్చేది, అది మరో మాట. దాని జోలికి ఇప్పుడు పోను.

అర్థంలో తేడా తేలాలంటే పత్రికల భాషే చాలు. దొంగ పోలీసుల వలలో ఉంటాడు, మంత్రి పోలీసుల వలయంలో ఉంటాడు. ఈ రెండు మాటలూ తారుమారు చేసి చూడండి, ఎంత గొడవవుతుందో!

ఈ పొరపాటు సైన్సు పుస్తకంలోని 'విద్యుత్ వలయం' నుంచి పాకిందని నా అనుమానం. అక్కడ ఆ మాట నూటికి నూరుపాళ్లూ సరైనది. బ్యాటరీ నుంచి బయలుదేరిన కరెంటు బల్బు మీదుగా తిరిగి బ్యాటరీకి చేరాలి. ఎక్కడ తెగినా బల్బు ఆరిపోతుంది. కంప్యూటర్ల అల్లికకు అలా చుట్టు మూతపడాలనే నియమం లేదు. పైగా ఇప్పటి ఆఫీసుల్లో, బడుల్లో చుట్టు మూతపడితే అది లోపం.

ఎలాగంటే, మీ ల్యాబులో కంప్యూటర్లన్నీ, వాటి సందేశాలను పంచే పెట్టె అయిన ఒక స్విచ్‌కు తగిలించి ఉంటాయి. ఒక కేబుల్ కొస నేల మీద వేలాడుతుంటే ఎవరో చూసి, ఊడిపోయిందనుకుని, అదే స్విచ్‌లో ఖాళీగా ఉన్న రంధ్రంలో గుచ్చుతారు. ఆ తీగ రెండో కొస అప్పటికే ఆ స్విచ్‌లోనే ఉంటుంది. అక్కడితో వలయం పూర్తయింది. ఏదో ఒక యంత్రం 'ఫలానా చిరునామా ఎవరిది?' అని అందరినీ ఉద్దేశించి ఒక సందేశం పంపుతుంది. స్విచ్ దాన్ని అన్ని దారుల్లోకీ వదులుతుంది. అది ఆ తీగలోంచి తిరిగి స్విచ్‌కే వస్తుంది, స్విచ్ మళ్లీ అన్ని దారుల్లోకీ వదులుతుంది. ఇంటర్నెట్‌లో తిరిగే సమాచారపు ముక్కకు, అంటే ఐపీ పొట్లానికైతే, ఆయుర్దాయపు అంకె ఒకటుండి, ఒక నెట్‌వర్క్ నుంచి మరోదానికి దాటించే రూటర్ దాటినప్పుడల్లా తగ్గి, సున్నాకు వచ్చాక అది రాలిపోతుంది. స్విచ్ చూసేది ఈథర్నెట్ పొరను, అంటే ఆ పొట్లం పైచుట్టును మాత్రమే; అందులో ఆ అంకె లేదు. కాబట్టి ఆ సందేశానికి చావు లేదు. కాసేపటికి స్విచ్ మీది దీపాలన్నీ ఒక్కసారిగా గబగబా కొట్టుకుంటాయి, ఏ కంప్యూటరూ పలకదు. తీగలు ఒక్కొక్కటే ఊడదీస్తూ పోవాలి. ఏది తీసినప్పుడు దీపాలు నెమ్మదిస్తాయో దోషం దానిది. స్పానింగ్ ట్రీ అనే ఏర్పాటు ఉన్న స్విచ్ అయితే తానే పసిగట్టి ఒక దారి మూసేస్తుంది. చవక స్విచ్‌లలో చాలావాటికి అది ఉండదు. మీ సహోద్యోగి నెట్‌వర్క్ మొత్తానికి పెట్టిన పేరు ఈ జబ్బుకు అతికినట్టు సరిపోతుంది.

అలాగని వలయాన్ని నోట్సులోంచి వెళ్లగొట్టకండి. రింగ్ టోపాలజీ ఉంది కదా, అక్కడ అదే అసలైన మాట. ఐఈఈఈ 802.5 ప్రమాణంతో వచ్చిన టోకెన్ రింగ్‌లో టోకెన్ అనే చిన్న సంకేతం ఒక యంత్రం నుంచి పక్క యంత్రానికి వరసగా తిరిగేది. అది చేతికందిన యంత్రమే మాట్లాడాలి, తక్కినవి వినాలి. సెకనుకు 4 మెగాబిట్లు, తర్వాత 16 మెగాబిట్ల వేగంతో నడిచింది. తమాషా ఏమిటంటే అక్కడ కూడా తీగలన్నీ నడుమ ఒక పెట్టెకు వచ్చేవి, సందేశం తిరిగే దారి మాత్రమే వలయం. ఆఫీసుల్లో అది పోయినా దూరాలకు ఫైబర్ వేసేవాళ్లు ఇప్పటికీ వలయాలుగా వేస్తారు. రోడ్డు తవ్వకంలో ఒకవైపు తెగితే సమాచారం రెండోవైపు నుంచి చుట్టి వస్తుంది.

మరి రింగ్ నెట్‌వర్క్‌ను ఏమనాలి? మన కోస్తా మత్స్యకారుల నోట 'రింగు వల' అనే మాట ఎప్పుడో స్థిరపడింది. చేపల గుంపును గుండ్రంగా చుట్టి, అడుగున ఉన్న ఉంగరాల్లోంచి తాడు లాగి మూసే వల అది. ఏది ఆకారమో, ఏది వస్తువో వాళ్లకు తెలుసు కనుక రింగును ముందుపెట్టి వలను వెనకపెట్టారు. అదే పద్ధతిలో 'వలయ జాలం' అనండి. వాళ్లెవరూ 'వలయ వలయం' అనలేదు, చూశారా!

ఇక జాలం. ఇది తత్సమం. వల అనేది దీని అసలు అర్థాల్లో ఒకటి, జాలరి అన్న మాట దీన్నుంచే వచ్చింది. కానీ ఈ మాటతో ఒక చిక్కుంది. జాలమంటే గుంపు అని కూడా అర్థం. కిరణజాలం, పదజాలం అన్నప్పుడు ఎవరికీ వల గుర్తు రాదు. 'కంప్యూటర్ జాలం' అంటే ఒక గదిలో పడేసిన ఇరవై కంప్యూటర్లనీ అనుకోవచ్చు. తీగతో గానీ వైఫైతో గానీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోకపోతే అవి గుంపే తప్ప నెట్‌వర్క్ కాదు. అయినా 'అంతర్జాలం' జనంలోకి వెళ్లింది కాబట్టి 'స్థానిక జాలం', 'విస్తృత జాలం' నడుస్తాయనే నా మొగ్గు. 'నెట్ జాలం' మాత్రం రాయకండి. అది 'నడి సెంటరు' లాంటిదే, ఒకే మాటను రెండు భాషల్లో రెండుసార్లు అనడం.

వల అన్న మాటను పూర్తిగా వదులుకోవడం కూడా నాకిష్టం లేదు. ఇంగ్లీషువాళ్ల 'నోడ్' లాటిన్‌లో ముడి అనే మాట నుంచి వచ్చింది. వలలో దారాలు కలిసేచోట ఉండేది ముడే కదా. మెష్ అంటే వల కన్ను. అయితే ప్రతి ముడినీ తక్కిన అన్ని ముడులతో నేరుగా కలిపే పూర్తి మెష్ ల్యాబుల్లో ఎవరూ వేయరు. 20 కంప్యూటర్లకు 190 తీగలు కావాలి, ఒక్కో యంత్రానికి 19 తీగలు గుచ్చే చోటుండాలి. అదే అన్నిటినీ నడుమ ఒక పెట్టెకు కలిపే స్టార్ పద్ధతిలో 24 రంధ్రాల స్విచ్ ఒకటి, 20 తీగలు చాలు. రాగితీగ ఏదీ 100 మీటర్లు మించకూడదు, అంతే.

ఆ స్టార్‌ను 'నక్షత్రం' అని అనువదించి పిల్లలతో అయిదు కోణాల చుక్క గీయిస్తున్నారు. ఆ బొమ్మకూ ఈ అల్లికకూ పోలిక లేదు. ఒంగోలు గిత్తలు లాగే బండి చక్రం గీయించండి. నడుమ కుండ, దాన్నుంచి బయలుదేరే ఆకులనే కర్రలు. ఇంగ్లీషులో 'హబ్' అంటే మొదట ఆ చక్రపు కుండే. ఒక ఆకు విరిగితే ఆ ఒక్క కంప్యూటరే పోతుంది, కుండ పగిలితే అన్నీ పోతాయి. పాతకాలపు హబ్ వచ్చినదాన్ని అన్ని ఆకుల్లోకీ పంపేది. స్విచ్ ఏ యంత్రం ఏ రంధ్రంలో ఉందో గుర్తుపెట్టుకుని దానికే పంపుతుంది. టోపాలజీ అనే మాటకు 'అల్లిక' సరిపోతుందని నాకనిపిస్తుంది. ఒప్పుకోమని పట్టుబట్టను.

'నెట్‌వర్క్' అనే ఉంచేయాలా అన్నారు. నెల్లూరి తిక్కనకు దశకుమారచరిత్రను అంకితమిచ్చిన కేతన తన వ్యాకరణంలో తెలుగును అయిదు తెరగులుగా విడదీశాడు: తత్సమం, తద్భవం, అచ్చతెనుగు, దేశ్యం, గ్రామ్యం. ఇంగ్లీషు ఆయన ఎరగని సరుకు. మన జనమే దానికి ఉకారం తగిలించి 'నెట్టు' చేసుకున్నారు. తోయడం అనే క్రియతో కలిసిపోయినా ఎవరూ ఇబ్బంది పడటం లేదు. 'నెట్టు రావడం లేదు' అంటే కావలిలోనైనా కందుకూరులోనైనా అర్థమవుతుంది. పాఠంలో మొదటిసారి 'నెట్‌వర్క్, అనగా జాలం' అని రాసి, తర్వాత ఏది వాడినా నేను తప్పు పట్టను. వలయం అంటే మాత్రం పడతాను.

బస్ టోపాలజీకి ఆర్టీసీ బస్సు బొమ్మ వేశారని చివర్లో రాశారు. రెండు బస్సులకూ మూలం 'అందరికీ' అని అర్థమిచ్చే లాటిన్ మాటే కనుక అది క్షమించదగ్గదే. కానీ బస్ టోపాలజీలో యంత్రాలన్నీ తగిలించే ఆ ఒకే తీగకు రెండు కొసలా, సంకేతాన్ని అక్కడే మింగేసే 50 ఓముల టెర్మినేటర్ ఉండాలనీ, ఒకటి ఊడినా సంకేతం కొసకు తగిలి వెనక్కి వచ్చి అల్లికంతా ఆగిపోతుందనీ బొమ్మ కింద రాయించండి.