ముందింటి తోటలోంచి పోయే మా దారికి తాళం వేశారు, పగలగొట్టొచ్చా?

మీరు రాసిందాన్నిబట్టి సంగతి ఇదీ. తిరుపతి కొర్లగుంటలో మీ తాత స్థలాన్ని 1988లో మీ నాయన, చిన్నాయన పారీఖత్తు (భాగపంపకాల పత్రం) రాసుకుని పంచుకున్నారు. వీధి వైపు చిన్నాయనకు, వెనక భాగం మీకు. అప్పటినుంచీ చిన్నాయన తోట అంచున, తూర్పు గోడ వెంబడి నాలుగడుగుల దారిలో నడుస్తున్నారు. ఆయన కొడుకులు ముందిల్లు అమ్మేశారు. కొన్నవాళ్ళు రెండు నెలల కిందట గేటుకు తాళం వేసి, దారిలో మల్లె పాదులు తీశారు. ప్రస్తుతానికి పక్కింటావిడ తన పెరట్లోంచి మిమ్మల్ని పోనిస్తోంది.

తాళం జోలికి పోవద్దు. ఈజ్‌మెంట్ల (ఇతరుల స్థలం మీద దారిలాంటి వాడుక హక్కుల) చట్టం, 1882లో 36వ సెక్షన్ సూటిగా చెబుతుంది: దారి హక్కు ఉన్నవాళ్ళు కూడా అడ్డును సొంత చేతులతో తీసేసుకోకూడదు. పాదులు పీకితే రేపు కోర్టులో హక్కు సంగతి వెనక్కిపోయి మీ దౌర్జన్యం ముందుకొస్తుంది. ఇవాళే తాళం, పాదులు, గేటు ఫొటోలు తీసి పెట్టుకోండి. మొక్కలు ఎదిగిపోతే అవి పాతవో కొత్తవో తేల్చడం కష్టం.

తర్వాత పారీఖత్తు నకలు. రిజిస్టరైతే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో దొరుకుతుంది. చాలామంది తమ వాటా షెడ్యూలు చూసి దారి లేదని నీరుగారిపోతారు. దారి మాట ఎక్కువగా అవతలివాళ్ళ షెడ్యూల్లో, చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) కింద ఉంటుంది. అక్కడ ‘తూర్పు: ఉమ్మడి నడక దారి’ అని ఉంటే ఆ జాగా ఇద్దరిదీ. ‘ఇందులో తూర్పు వైపు 4 అడుగులు వెనక వాటాదారు రాకపోకలకు వదలవలెను’ అని ఉంటే జాగా వాళ్ళది, నడిచే హక్కు మీది. ఈ రెండింటికీ దావా వేరువేరుగా ఉంటుంది. తన సొంత జాగా మీద తనకే దారి హక్కు ఉండదు కాబట్టి ‘ఆ జాగా మాదే, పైగా ముప్పై ఏళ్ళ దారి హక్కు కూడా ఉంది’ అని ఒకే ఊపిరిలో రాయిస్తే రెండూ పలచబడతాయి.

మాట స్పష్టంగా లేకపోతే లెక్క పట్టుకోండి. మీ దారి పొడవు 45 అడుగులన్నారు, 45ను 4తో హెచ్చిస్తే 180 చదరపు అడుగులు. తిరుపతి లెక్కలో అంకణం అంటే 36 చదరపు అడుగులు కాబట్టి సరిగ్గా 5 అంకణాలు. చిన్నాయన వాటాకు పారీఖత్తులో రాసిన అంకణాలు, ఇప్పుడు కొన్నవాళ్ళ దస్తావేజులోని అంకణాలు పక్కపక్కన పెట్టండి. అమ్మకంలో 5 అంకణాలు పెరిగి ఉంటే దారిని కలిపి అమ్మేశారన్నమాట. తమకు లేనిదాన్ని అమ్మేవాళ్ళు అమ్మలేరు. పారీఖత్తు రిజిస్టరు కాకపోతే మాత్రం దాని బలం తక్కువ. స్టాంపు సుంకం, జరిమానా కట్టాక కూడా కోర్టు దాన్ని పరిమితంగానే చూస్తుంది.

కాగితంలో అసలు దారి ప్రస్తావనే లేకపోయినా ఆశ వదులుకోనక్కర్లేదు. భాగాల్లో ఒకరి వాటాకు మరొకరి వాటా మీదుగా తప్ప వేరే దారి లేకుండా పోతే అదే ఈజ్‌మెంట్ల చట్టం 13వ సెక్షన్ కింద అవసరపు దారి పుడుతుంది. దాన్ని ఎటువైపు వదలాలో చూపించే హక్కు ముందింటివాళ్ళదే, కానీ అది మీకు సబబుగా అనుకూలంగా ఉండాలి. ఇక్కడ మీకు ఒక చిక్కు ఉంది. వేరే దారి ఎంత చుట్టైనా, ఎంత ఇరుకైనా, మీకు హక్కుగా ఉంటే అవసరం లేదంటారు. ఉన్న అవసరం తీరిపోతే 41వ సెక్షన్ ప్రకారం ఆ దారీ పోతుంది. పక్కింటావిడ మంచితనాన్నే అవతలి లాయరు ‘వేరే దారి ఉంది కదా’ అని చూపిస్తాడు. అందుకే ఆవిడతో ఈవారమే ఒక కాగితం రాయించుకోండి: ‘తాత్కాలికంగా, నా ఇష్టం మీద పోనిస్తున్నాను, ఎప్పుడైనా ఆపుతాను, ఇది హక్కు కాదు.’ ఇది ఆవిడకూ రక్షణే.

ఇక ఇరవై ఏళ్ళ వాడుక. అందరూ మొదట దీన్నే పట్టుకుంటారు, మీ విషయంలో ఇదే బలహీనమైనది. 15వ సెక్షన్ ప్రకారం బహిరంగంగా, ఆటంకం లేకుండా, హక్కుగా 20 ఏళ్ళు నడిచి ఉండాలి, ప్రభుత్వ భూమైతే 30. 1988కి ముందు మీ తాత నడిచిన ఏళ్ళు లెక్కలోకి రావు, అప్పుడు రెండూ ఆయన స్థలాలే. ఆ తర్వాత నడిచింది అన్నదమ్ముల మధ్య ప్రేమకొద్దీ ఇచ్చిన అనుమతి అంటే ఎన్నేళ్ళయినా హక్కు పుట్టదు. అందుకే పారీఖత్తును, అవసరాన్ని ముందు పెట్టి, వాడుకను చివర చేర్చమని లాయరుకు చెప్పండి.

ముందింటివాళ్ళకు పంపే నోటీసులో ఒక్క వాక్యం కేసును పోగొడుతుంది. ‘ఇన్నాళ్ళూ మా చిన్నాయన దయతో నడవనిచ్చారు, మీరూ అలాగే పోనివ్వండి’ అని మర్యాదకు రాస్తారు. అంటే అది అనుమతేనని మీరే సంతకం పెట్టినట్టు. ‘1988 భాగపరిష్కారం నాటినుంచి హక్కుగా వాడుతున్నాం’ అని రాయాలి. వాట్సాప్‌లో బతిమాలేటప్పుడు కూడా ఈ జాగ్రత్త ఉండాలి. ఆ సందేశాలను కోర్టుకు తెస్తారు.

గడువులు మూడున్నాయి, మొదటిది దగ్గర్లోనే ఉంది. గొడవ కొట్లాటదాకా పోయేలా ఉంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 166వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీ 147) కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు (మామూలుగా తహసీల్దారు) విచారించి అడ్డు పెట్టొద్దని ఉత్తర్వు ఇవ్వొచ్చు, కానీ సమాచారం అందడానికి ముందు మూడు నెలల్లోపు ఆ దారి వాడి ఉండాలి. మీకు ఇప్పటికే రెండు నెలలయ్యాయి. పోలీసులు సివిల్ విషయమని పంపేస్తే ఫిర్యాదుకు రసీదు తీసుకుని తహసీల్దారుకు అర్జీ ఇవ్వండి. రెండోది, అడ్డు సంగతి తెలిసి ఏడాదిపాటు ఊరుకుంటే వాడుక తెగినట్టు లెక్క. మూడోది, 20 ఏళ్ళ వాడుక దావా వేసేనాటికి వెనక రెండేళ్ళలోపు దాకా సాగి ఉండాలి. ‘ముప్పై ఏళ్ళు నడిచాం, ఎక్కడికి పోతుంది’ అని మూడేళ్ళు పెద్దమనుషుల చుట్టూ తిరిగినవాళ్ళు నష్టపోయేది ఇక్కడే.

సివిల్ కోర్టులో హక్కు ప్రకటన, అడ్డు తీసేయమనే ఇంజంక్షన్ (కోర్టు ఆదేశం), మళ్ళీ పెట్టొద్దనే ఇంజంక్షన్, మూడూ కలిపి అడగాలి. వాటితోపాటే అడ్వకేట్ కమిషనర్ (కోర్టు తరఫున స్థలం చూసి రిపోర్టు రాసే లాయరు) కోసం దరఖాస్తు వేయించండి, వానలు పడకముందే. కాళ్ళు తొక్కి గట్టిపడిన నేల ఎండలో తెల్లగా గీతలా కనబడుతుంది, పక్కన తోట మట్టి గుల్లగా ఉంటుంది. ఒక వాన పడి గడ్డి మొలిస్తే ఆ గీత పోతుంది. కమిషనర్ హక్కు తేల్చడు, కంటికి కనబడింది రాస్తాడు. కాబట్టి గేటు కీళ్ళ తుప్పు, మీ గుమ్మం ముఖం ఎటు ఉందో, మీ కొళాయి పైపు, కరెంటు సర్వీసు వైరు ఎటునుంచి వచ్చాయో దగ్గరుండి చూపించాలి. వాళ్ళు ముందే కోర్టుకెళ్ళి మీరు లేకుండా ఉత్తర్వు తెచ్చుకోకుండా కేవియట్ (మాకు చెప్పకుండా ఉత్తర్వు ఇవ్వొద్దని కోర్టుకు ముందే ఇచ్చే అర్జీ) వేసి ఉంచండి, అది 90 రోజులు పనిచేస్తుంది.

కొన్నవాళ్ళ వైపు న్యాయం కూడా చూడాలి. గేటు పెట్టుకోవడం వాళ్ళ తప్పు కాదు, మీకు తాళంచెవి ఇవ్వకపోవడమే అడ్డు. దారి తప్పించి మిగతా తోటలో వాళ్ళు ఏమైనా పెంచుకోవచ్చు. మీరు కూడా నడక దారిని బండి దారి చేయలేరు. 28వ సెక్షన్ ప్రకారం ఒక రకం దారి హక్కులో ఇంకో రకం కలవదు. పారీఖత్తులో ‘నడక’ అని ఉంటే స్కూటరు నడిపించుకుపోవడానికి కూడా విడిగా ఒప్పుకోవాలి.

నా సలహా అయితే, దావాకు ముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టి లోక్ అదాలత్‌కు రప్పించండి. అక్కడి అవార్డు డిక్రీతో సమానం, దానిమీద అప్పీలు లేదు. వాళ్ళు ఒప్పుకుంటే దారి హక్కు దస్తావేజు రాసి రిజిస్టరు చేయించండి, నోటరీ కాగితం చాలదు.

దస్తావేజులో వెడల్పు ‘గేటు తెరిచాక మిగిలే ఖాళీ 4 అడుగులు’ అని రాయాలి. ఉత్త ‘4 అడుగుల దారి’ అంటే గేటు స్తంభాలే తలా తొమ్మిది అంగుళాలు తినేసి రెండున్నర మిగులుతుంది. మొదట, మధ్యలో, చివర మూడుచోట్ల కొలిచి, ఇద్దరూ సంతకం పెట్టిన స్కెచ్ జతచేయండి. తలపైన 7 అడుగుల దాకా కొమ్మలు, సన్‌షేడు రాకూడదని, దారి బాగుచేసే ఖర్చు మీదని, కొళాయి పైపు తవ్వితే మీరే పూడ్చాలని, వారసులకూ కొనేవాళ్ళకూ ఇది వర్తిస్తుందని చేర్చండి. స్ట్రెచర్, పాడె పోవాల్సిన రోజు గేటు రెండు రెక్కలూ తీయాలని, మలుపు దగ్గర తొట్లు పెట్టకూడదని కూడా రాయించండి. పాడెకు రెండు పక్కలా మనుషులుంటారు, ఇరుకు మలుపులో తిరగదు. ఆ రోజు ముందింటివాళ్ళతో వాదన పెట్టుకునే ఓపిక ఏ ఇంట్లోనూ ఉండదు.

రిజిస్ట్రేషన్ అయ్యాక ముందింటి ఆస్తికి ఈసీ (ఆ ఆస్తి మీద రిజిస్టరైన దస్తావేజుల జాబితా) తీసి చూడండి. మీ దస్తావేజు అందులో కనబడకపోతే షెడ్యూల్లో వాళ్ళ సర్వే నంబరో డోర్ నంబరో తప్పు పడి ఉండొచ్చు, వెంటనే సవరణ దస్తావేజు రాయించండి.