నా బలమేమిటో ఒక తక్‌పట్టీ దగ్గర తెలిసింది

హనుమకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రి బిల్లింగ్ కౌంటర్‌లో రెండేళ్లుగా పనిచేస్తున్నాననీ, ఇటీవల ఒక ఇంటర్వ్యూలో "మీ బలాలేమిటి?" అని అడిగితే నోట మాట రాలేదనీ, చెప్పుకోదగ్గ బలం లేనివాళ్లు వృత్తిలో ఎలా ఎదగాలనీ మీరు అడిగారు. ఆ ప్రశ్న చివర, రోగుల బంధువులు బీమా కాగితాల సందేహాలన్నీ మీ దగ్గరికే తెచ్చి విసిగిస్తున్నారని ఒక ఫిర్యాదు కూడా చేర్చారు. నా సమాధానమంతా ఆ ఫిర్యాదు గురించే.

నేను కూడా బీకాం చదివినవాడినే. అకౌంటెన్సీలో మంచి మార్కులు వచ్చినందువల్ల లెక్కలే నా బలమని నమ్మి, వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్‌లో ఒక అడ్తి (కమిషన్ వ్యాపారి) దుకాణంలో గుమాస్తాగా చేరాను. అక్కడ చూస్తే పదో తరగతి దాటని దడువాయిలు (సరుకు తూచేవాళ్లు) సైతం కాంటా మీద బస్తా దిగేలోపే నోటిలెక్కతో మొత్తం చెప్పేస్తున్నారు. ఆ పోలికకు చిన్నబోయి, ఒక శిక్షణ కేంద్రంలో బట్టీ పట్టించిన "కమ్యూనికేషన్ నా బలం" అనే వాక్యాన్ని ఇంటర్వ్యూలో అప్పజెప్పి, విత్తనాల మార్కెటింగ్ ఉద్యోగం సంపాదించాను. ముక్కూమొహం తెలియని డీలర్ల దగ్గరికి వెళ్లి సరుకు తీసుకొమ్మని ఒప్పించడం నాకు ఎంత కష్టమో ఆ ఎనిమిది నెలల్లో తెలిసింది. ఏ నెలా టార్గెట్ అందలేదు. తిరిగి వచ్చి జమ్మికుంట దగ్గర, పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో ఖాతాలు రాసే పనిలో కుదురుకున్నాను.

2014లో, పత్తి బాగా వస్తున్న రోజుల్లో, ఆ మిల్లులోనే మద్దతు ధర కొనుగోళ్లు జరిగాయి. ఆ ఏడాది పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 4,050 రూపాయలు. తేమ 8 శాతం వరకు ఉంటే పూర్తి ధర చెల్లిస్తారు. ఆపైన 12 వరకు, పెరిగిన ఒక్కో శాతానికి ధరలో ఒక్కో శాతం తగ్గిస్తారు. 12 దాటితే కొనరు. ఒక సాయంత్రం పరకాల వైపు నుంచి వచ్చిన ఒక రైతు తక్‌పట్టీ (అమ్మిన సరుకు తూకం, ధర రాసిచ్చే చీటీ) పట్టుకొని కార్యాలయం గుమ్మంలో నిలబడి గట్టిగా కేకలు వేస్తున్నాడు. యంత్రం 11 చూపించింది కాబట్టి ధరలో 11 శాతం, అంటే 445 రూపాయల 50 పైసలు కోసేశారని అతను లెక్క వేసుకున్నాడు. కాగితం మీద 3,928 రూపాయల 50 పైసలని స్పష్టంగానే ఉంది కానీ, ఆ కోపంలో దాన్ని చదివే ఓపిక అతనికి లేదు. నేను బయటికి వచ్చి అతని పక్కన బస్తా మీద కూర్చొని, నేల మీద పడి ఉన్న పత్తిగింజలు పదకొండు ఏరి వరుసగా పెట్టి, "ఇందులో ఎనిమిదింటికి కోత లేదు" అని వాటిని అవతలికి జరిపాను. మూడు మిగిలాయి. గింజకు నలభై రూపాయల యాభై పైసలు చొప్పున అతని చేతనే కూడించాను. నూట ఇరవై ఒకటిన్నర వచ్చింది. అతను తక్‌పట్టీ మరోసారి చూసుకొని, రేపు తేవలసిన పత్తిని టార్పాలిన్ మీద ఎంతసేపు ఆరబెడితే ఆ మూడు గింజలు కూడా పోతాయని అడిగాడు.

నాకైతే అది పనికి అడ్డం వచ్చిన ఇరవై నిమిషాల ఆలస్యం మాత్రమే. ఆ సీజనంతా గొడవ వచ్చిన ప్రతిసారీ తోటివాళ్లు నన్నే పిలుస్తుంటే, మీలాగే నేనూ విసుక్కున్నాను. ఒకరోజు కాంటా దగ్గరి ముసలి దడువాయి, "లెక్క జేసెటోళ్లు మస్తుగున్నరు బిడ్డా, సమ్జాయించెటోనివి నువ్వొక్కనివే" అన్నాడు. ఇల్లు చేరాక కూడా ఆ మాట వదల్లేదు. మార్కెటింగ్‌లో ఓడిపోయిన మాటకారితనం, ఇక్కడ కోపంగా ఉన్న మనిషికి అంకెలు విప్పి చెప్పవలసి వచ్చినప్పుడు ఎందుకు పనిచేసిందో అప్పుడు అర్థమైంది. ఒప్పించడం వేరు, అర్థమయ్యేలా చెప్పడం వేరు. నేను ఆ రెండింటికీ ఒకే పేరు పెట్టుకొని తప్పు ఉద్యోగంలో చేరాను.

మనకు సులువుగా వచ్చే పనిని మనం పనిగా లెక్కించుకోము కాబట్టి, దాన్ని మనకంటే ముందు ఎదుటివాళ్లే గుర్తిస్తారు. 1955లో ఇద్దరు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు తమ మొదటి పేర్లను కలిపి "జొహారి కిటికీ" అనే నమూనా తయారు చేశారు. దాని నాలుగు గదుల్లో ఒకటి, ఇతరులకు తెలిసి మనకు తెలియనిది. సాధారణంగా ఆ గదిలో లోపాలే ఉంటాయని భయపడతాం గానీ, నా విషయంలో జీతం తెచ్చిపెట్టే గుణమే అక్కడ ఉంది. అందులోకి చూడాలంటే "నా బలాలేమిటి?" అని ఎవరినీ అడగకండి, మొహమాటానికి "మీరు చాలా మంచివారు" అంటారు. "ఎలాంటి చిక్కు వచ్చినప్పుడు మీకు నేను గుర్తొస్తాను?" అని కలిసి పనిచేసినవాళ్లు నలుగురైదుగురిని అడగండి. ఇక్కడ పొగడ్తకూ పిలుపుకూ తేడా గమనించాలి. నా చేతిరాతను మెచ్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు కానీ, దానికోసం నన్ను వెతుక్కుంటూ వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు.

దానితోపాటు మూడు నెలలు ఒక నోటుబుక్కు పెట్టుకొని, ఎవరు ఏ పని మీద మీ దగ్గరికి వచ్చారో, అది ముగిశాక మీకు అలసట కలిగిందా, హుషారు కలిగిందా అనేది రోజూ రెండు ముక్కల్లో రాయండి. బాగా చేయగలిగినా ప్రతిసారీ నీరసం మిగిల్చే పనిని నేను బలమని అనను.

బలం తెలిసినంత మాత్రాన ఎదుగుదల రాదన్నది నేను కాస్త ఆలస్యంగా నేర్చుకున్న విషయం. 2017 జులైలో జీఎస్టీ వచ్చింది. అదే నవంబరులో, రైతు దగ్గర కొన్న పత్తిపై పన్నును నమోదైన కొనుగోలుదారే నేరుగా ప్రభుత్వానికి చెల్లించే రివర్స్ చార్జ్ పద్ధతి మొదలైంది. రైతుకిచ్చే ధరలోంచి ఆ 5 శాతం కోయాలా అని తెలిసిన అడ్తిదారులు ఫోన్లు చేస్తే, మొదటి వారం నేనూ నీళ్లు నమిలాను. చెప్పే నేర్పు ఉంది కానీ చెప్పడానికి లోపల సరుకు లేదు. సాయంత్రాలు హనుమకొండకు బస్సులో వెళ్లి, రెండు నెలలు జీఎస్టీ రిటర్నుల శిక్షణ తీసుకున్నాను. ఆ పన్ను రైతు ధరలోంచి తీసేది కాదనీ, కొనుగోలుదారు కట్టి, తర్వాత తన పన్ను బాకీలో జమ చేసుకునేదనీ ఆధారంతో చెప్పగలిగిన రోజు నుంచే నా మాటకు విలువ పెరిగింది. ఈ రోజు ఆ మిల్లులో కొనుగోళ్ల బాధ్యత నాదే.

బలహీనతల గురించి ఎక్కువ చెప్పను. ఫైళ్లు సకాలంలో ముగించకపోవడం నా జబ్బు; ఫోన్‌లో అలారం పెట్టుకొని, ఇతరులకు నష్టం కలగనంత మేరకు దాన్ని అదుపులో ఉంచుకున్నాను. అంతకుమించి దాని మీద సమయం పెట్టలేదు.

ఇక మీ కౌంటర్ సంగతి. బీమా సందేహాలకు మీ దగ్గరికే వస్తున్నారంటే, పక్క కౌంటర్‌లో దొరకనిదేదో మీ దగ్గర దొరుకుతోందన్నమాట. వాళ్లు అడిగేవాటిలో ఎక్కువసార్లు వచ్చే ఒకే ఒక్క ప్రశ్నను తీసుకోండి. ఉదాహరణకు, రోజుకు 3,000 రూపాయల గది అద్దె పరిమితి ఉన్న పాలసీతో 5,000 రూపాయల గదిలో చేరితే, చాలా పాలసీల్లో గది అద్దెలోనే కాకుండా డాక్టరు ఫీజు వంటి అనుబంధ ఖర్చుల్లోనూ 60 శాతమే వస్తుంది. ఈ సంగతి చాలామందికి డిశ్చార్జి రోజున గానీ తెలియదు. డ్యూటీ అయ్యాక మీ ఆసుపత్రి బీమా విభాగంలో అరగంట కూర్చొని ఈ లెక్కను పూర్తిగా అర్థం చేసుకొని, అంకెలతో సహా తెలుగులో అర పేజీకి కుదించి రాయండి. గది ఎంచుకోకముందే, రేపు వచ్చే మొదటి కుటుంబం చేతికి ఆ కాగితం ఇచ్చి, చదివాక వాళ్లు ఇంకా ఏమేం అడుగుతారో వెనక పేజీలో రాసిపెట్టుకోండి.