బోల్టును తిట్టబాక, కింద చూడు

బిట్రగుంట

చిన్నమ్మికి పెదనాన్న దీవెనలు.

కావలి రైల్వే గ్యాంగులో, పట్టాలు బాగుచేసే ట్రాక్ మెయింటెయినర్‌గా చేరి నెల దాటిందని మీ నాన్న చెప్పాడు. స్టేషన్లో బండి పక్కకు ఆగే లూపు లైన్లో, రెండు పట్టాల కొసలు ప్లేట్లూ బోల్టులతో కలిసే ఒక జాయింటు ఎన్నిసార్లు బిగించినా మళ్ళీ దిగిపోతోందనీ, స్పానరు తిప్పి తిప్పి రెక్కలు పడిపోతున్నాయనీ అన్నావంట. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే ఉత్తరం రాస్తున్నా.

బోల్టును తిట్టబాక. అది చాలాసార్లు పాపం ఏమీ చేసి ఉండదు. రేపు గూడ్సు పోయేటప్పుడు దూరంగా, కంకర పక్కన నడిచే సెస్ మీద నిలబడి, ఆ జాయింటుకు అటూ ఇటూ పట్టా కింద అడ్డంగా ఉన్న రెండు స్లీపర్లనే చూడు. చక్రం ఎక్కగానే స్లీపరు కిందికి పోయి, దాటగానే పైకి లేస్తోందా? లేస్తే దాని కింద బోలు ఉన్నట్టు. బండి లేనప్పుడు కూడా తెలుస్తుంది. స్లీపరు చుట్టూ కంకర మీద తెల్లటి రాతిపొడి పడి ఉంటుంది, వానాకాలమైతే బురద కక్కుతుంది. అట్టాంటి చోట నువ్వు నాలుగు బోల్టులూ ఎంత బిగించినా బండి రోజూ వాటిని వంచి వదులుతూనే ఉంటుంది. జాకీ పెట్టి లేపి, జాయింటు స్లీపర్లతో పాటు వాటి పక్క స్లీపర్లనూ కింద కంకర కూరి ప్యాకింగ్ చేయించు. మురిగిన కంకర తీయించి జల్లెడ పట్టిస్తేగానీ నీళ్ళు దిగవు. మీ గ్యాంగు పెద్ద, ఆ మేటుకు ఇది తెలియక కాదు, మనుషులు చాలకనే బోల్టుతో సరిపెట్టమంటాడు. మర్యాదగా అడుగు, అయినా అడగడం మానబాక.

జాయింటుకు రెండు పక్కలా బిగించే ఫిష్ ప్లేటు ఎట్టా పనిచేస్తుందో ఎవరైనా చెప్పారా? నేను పనిలో చేరాక పదేళ్ళ దాకా నాకెవరూ చెప్పలా. అది పట్టా నడుముకు ఆనదు. తల కింద ఒక వాలు అంచు, పాదం మీద ఒక వాలు అంచు, ఆ రెంటి మధ్య చీల దిగినట్టు దిగి కూర్చుంటుంది. బోల్టు దాన్ని లోపలికి లాగుతుంది, అంతే. బరువు మోసేది ఆ అంచులే. ఏళ్ళ తరబడి ఒరుసుకుని అవి అరిగిపోతే ప్లేటు లోపలికి ఎంత పోయినా పట్టు దొరకదు. అప్పుడు ప్లేటు మార్చాలి, లేదంటే ఆ అరుగుదలకు సరిపడా షిమ్ము, అంటే సన్న ఇనప ముక్క, పెట్టాలి. మీటరు పొడవు స్ట్రెయిట్ ఎడ్జి పట్టా మీద పెట్టి చూస్తే జాయింటు దగ్గర ఎంత దిగిందో, పట్టా చివర ఎంత నలిగిందో కంటికే కనబడుతుంది.

ఏడాదికోసారి ప్లేట్లు విప్పి గ్రీజు పెట్టే పని ఉందే, దాన్ని పన్నుకట్టినట్టు చేసేవాళ్ళే ఎక్కువ. పుస్తకం ప్రకారం అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా, చలికాలంలో చెయ్యాలి. మన దగ్గర అక్టోబరు, నవంబరు వాయుగుండాల కాలం. 2021 నవంబరులో పడుగుపాడు దగ్గర పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, చూశావు గదా. అందుకని మనకు నికరంగా దొరికేది సంక్రాంతికి అటూ ఇటూ. ఆ రోజులు పోనిస్తే ఎండ ముదురుతుంది.

ప్లంబాగో అనే గ్రాఫైటు పొడి మూడు పాళ్ళు, కిరసనాయిలు రెండు పాళ్ళు వేసి గట్టి ముద్దగా కలపమనేవాళ్ళు మాకు. బోల్టులకూ నట్లకూ నల్ల నూనె. ఇప్పుడు డబ్బాల్లో తయారు గ్రీజు ఇస్తున్నారంట, ఇచ్చింది వాడు. ముఖ్యమైన పని గ్రీజు కాదు, దానికి ముందు చేసేది. ప్లేటు, పట్టా అంచులు వైర్ బ్రష్షుతో తళతళలాడేలా రుద్దు. రుద్దాక భూతద్దం పెట్టి బోల్టు రంధ్రాల చుట్టూ చూడు. కింది వైపు కనబడదు, చిన్న అద్దం పెట్టి చూడాలి. పగులు రంధ్రం అంచు నుంచి ఏటవాలుగా బయల్దేరుతుంది, వెంట్రుకంత సన్నగా. అనుమానమొస్తే కిరసనాయిలు రాసి తుడిచి, పైన సుద్ద పూయి. పగులుంటే లోపల దాక్కున్న నూనె సుద్దలో గీతగా పైకొస్తుంది.

ఇది నేను బుద్ధిగా నేర్చుకున్నది కాదు. పాతికేళ్ళ వయసులో, బ్లాకు టైము, అంటే బండ్లు ఆపి మనకిచ్చే టైము, అయిపోతోందన్న తొందరలో ఒక జాయింటును పాత గుడ్డతో తుడిచి, గ్రీజు పూసి మూసేశా. మా మేటు వెనకాలే వచ్చి ఏమీ అనకుండా మళ్ళీ విప్పించాడు. బ్రష్షు నా చేతికిచ్చాడు. నాలుగు సార్లు రుద్దేసరికి రంధ్రం పక్కన గోరంత పగులు బయటపడింది. ఆయన తిట్టలా. పట్టా మార్చే దాకా ఎర్రజెండా పట్టుకుని అక్కడే నిలబడమన్నాడు. మధ్యాహ్నం అన్నం కూడా లేదు. ఆ రోజు నుంచి నేను గుడ్డతో తుడిచింది లేదు.

బిగించేటప్పుడు లోపలి రెండు బోల్టులు ముందు, బయటి రెండు తర్వాత. స్పానరుకు పైపు తొడిగి లాగే మొనగాళ్ళు ప్రతి గ్యాంగులోనూ ఉంటారు, వాళ్ళ మాట వినబాక. మరీ బిగిస్తే మర నలుగుతుంది, పట్టా కదలాల్సినప్పుడు కదలదు. నాలుగు బండ్లు పోయాక మాత్రం మళ్ళీ ఒకసారి స్పానరు పెట్టి చూడు, కొంచెం తిరుగుతుంది.

కదలడమంటే ఎంతనుకున్నావు? 13 మీటర్ల పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మిల్లీమీటర్లు సాగుతుంది. జనవరి తెల్లారుజామున చేత్తో ముట్టుకుంటే జిల్లుమనే పట్టా, మే నెల మధ్యాహ్నం అరిచెయ్యి పెట్టనివ్వదు. అందుకే రెండు పట్టాల మధ్య సందు వదలాలి. కొత్తగా కలిపేటప్పుడు ఆ పూట పట్టా వేడి కొలిచి, దానికి తగ్గ మందం లైనరు, అంటే సందు కొలతకు పెట్టే ముక్క, మధ్యలో పెట్టి కలపాలి. తర్వాత లైనరు తీసెయ్యడం మర్చిపోబాక. సముద్రం దగ్గరి గాలి కాబట్టి ప్లేట్లు తుప్పుతో అతుక్కుపోతే సందు ఉండీ లేనట్టే. ఒకవైపు జాయింట్లన్నీ మూసుకుని, ఇంకోవైపు నోళ్ళు తెరుచుకుని ఉంటే పట్టా పాకుతోందని అర్థం. మొత్తం వెనక్కి లాగాల్సిందే, ఒక్క జాయింటుతో తీరదు. ఇంకోటి, రంధ్రం ఎప్పుడూ డ్రిల్లుతోనే. గ్యాసుతో కాల్చి వేసిన రంధ్రం నీ కంటబడితే నోరు మూసుకోబాక, సెక్షన్ ఇంజనీరుకు చెప్పు.

సిగ్నళ్ళ దగ్గర ఆరు బోల్టుల జాయింట్లు కనబడతాయి, ప్లేటుకూ పట్టాకూ మధ్య జిగురు పట్టి ఉంటుంది. అవి కరెంటు దాటకుండా పెట్టినవి. వాటిని విప్పకూడదు, ప్లంబాగో దగ్గరికే తీసుకుపోకూడదు. పట్టా చివర ఇనుము నలిగి పెదవిలా సాగి మధ్యలో కరెంటు ఆపే పలకను దాటితే సిగ్నల్ ఎర్రగా పడిపోతుంది. ఆ పెదవిని ఆకురాయితో తీసేయించాలి. మెయిన్ లైన్లో అతికిన పొడుగు పట్టాల సంగతి వేరే, అది ఇంకో ఉత్తరమంత ఉంటుంది. నీకు ఇప్పుడు పనిబడేది యార్డే.

ఒక్కటి మాత్రం నాకు మాటివ్వాలి. బ్లాకు చేతికి రాకుండా, రెండు వైపులా కాపలా పెట్టకుండా ప్లేటు విప్పబాక. 600 మీటర్ల దగ్గర పట్టాలకు అడ్డంగా ఎర్ర బ్యానర్ జెండా, 1200 మీటర్ల దగ్గర పది పది మీటర్ల ఎడంతో మూడు డిటోనేటర్లు, చక్రం ఎక్కితే పేలి డ్రైవరును హెచ్చరించేవి. ఎవరు తొందరపెట్టినా సరే. అరిచేవాళ్ళు అరుస్తారు, నువ్వు గమ్మునుండు.

నా భూతద్దం, పిడి ఉన్న చిన్న అద్దం మీ అన్న చేత పంపుతున్నా. అద్దం ఒక మూల పగిలింది, పర్లేదు, రంధ్రం కింద పట్టడానికి ఆ మూలే బాగా అందుతుంది. ఆదివారం సెలవైతే రా, మీ పెద్దమ్మ చేపల పులుసు పెడతానంటోంది. ఆ జాయింటు స్లీపరు లేస్తోందో లేదో చూసొచ్చి చెప్పు.

మీ పెదనాన్న