జిమ్ మానేయడం బద్ధకం కాదు

"శబ్దాలకీ, వెలుతురుకీ ఇట్టే అలసిపోయే స్వభావం నాది. జిమ్‌లో చేరిన ప్రతిసారీ రెండు వారాల్లో మానేస్తున్నాను. ఇది బద్ధకమేనా?" అని అడిగారు. కాదండీ. నేనూ మూడుసార్లు డబ్బు కట్టి మానేసినదాన్నే.

ఒళ్లు వంచడం నాకెప్పుడూ కష్టం కాలేదు. తట్టుకోలేకపోయింది ఆ వాతావరణాన్ని. హోరెత్తే పాటలు, చుట్టూ అద్దాలు, ఇనుప ప్లేట్లు నేలమీద పడ్డప్పుడల్లా ఉలికిపాటు. ట్రైనర్ పక్కనే నిలబడి "ఇంకో రెండు" అంటుంటే లెక్క కూడా తప్పిపోయేది.

ఈ స్వభావం గురించి అమెరికన్ సైకాలజిస్ట్ ఎలైన్ ఆరన్ 1997లో భర్తతో కలిసి పరిశోధన ప్రచురించారు. దాన్ని కొలవడానికి 27 ప్రశ్నలు కూడా తయారుచేశారు. ఇది జబ్బు కాదని ఆవిడ స్పష్టంగా చెప్తారు. ఆ మాట చదివిన రోజు నాకెంత ఊరటగా అనిపించిందో!

నాకు ఆలస్యంగా అర్థమైంది మాత్రం గుండె దడ సంగతి. వేగంగా కదిలితే గుండె కొట్టుకోవడం పెరుగుతుంది, ఆయాసం వస్తుంది, చెమట పడుతుంది. టెన్షన్ వచ్చినా ఇవే కదా! ఒంట్లో చిన్న మార్పు కూడా పట్టేసే నాకు ఆ రెండిటికీ తేడా తెలిసేది కాదు. ఒకరోజు ట్రెడ్‌మిల్ ఆపేసి, బాత్రూంలో తలుపేసుకుని కూర్చున్నాను.

తర్వాత ఒంటరిగా నడక మొదలుపెట్టాను, మాట్లాడగలిగి పాడలేనంత వేగంతో. దడ మొదలవగానే "ఇది నడక వల్లే" అని పైకే అనుకునేదాన్ని. ఆగాక మెట్టుమీద కూర్చుని, మెడ పక్కన రెండు వేళ్లు ఆనించి చూసేదాన్ని. టకటకా కొట్టుకునేది కాస్తా కొన్ని నిమిషాల్లో నెమ్మదించేది. రోజూ వేళ్లకి అది తెలుస్తుంటే భయం దానంతటదే తగ్గింది. ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం ఉంటే మాత్రం స్వభావమే అని సరిపెట్టుకోకండి, డాక్టర్‌కి చూపించుకోండి.

వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. దాన్ని ఎన్ని ముక్కలుగానైనా చేసుకోవచ్చు. నేను 10 నిమిషాలతో మొదలుపెట్టాను. అన్నట్టు, టీషర్ట్ మెడ దగ్గర లేబుల్ గుచ్చుకుంటుంటే కత్తిరించేయండి. నాకు సగం చిరాకు దాంతోనే పోయింది.

మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెడుతోంది శబ్దమా, చుట్టూ మనుషులా, ఈ దడేనా? చెప్పండి, దాన్నిబట్టి నాకు పనిచేసినవి ఇంకొన్ని రాస్తాను.