మూడు రోజుల విశాఖ ట్రిప్‌లో అరకు ఏ రోజు పెట్టుకోవాలి?

అక్టోబరు చివర్లో అమ్మగారితో, పిల్లలతో వస్తున్నామని, ఆంధ్ర విశ్వవిద్యాలయం (ఏయూ) చూపించాక అరకు ఎప్పుడు వెళ్లాలో తేలడం లేదని రాశారు. అరకుని మధ్య రోజున పెట్టుకోండి. ఈ నెలల్లో బంగాళాఖాతంలో వాయుగుండాలు పడుతుంటాయి (హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12నే). మధ్య రోజైతే అటో ఇటో జరుపుకోవచ్చు. ఆఖరి రోజున పెట్టుకుంటే, వాన పడి ఘాట్ రోడ్డులో ఆగిపోతే ఊరెళ్లే రైలు తప్పుతుంది.

వెళ్లేటప్పుడు ఉదయం విశాఖ నుంచి అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలెక్కండి, వచ్చేటప్పుడు కారులో రండి. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు, అద్దాల పెట్టె (విస్టాడోమ్) సీట్లు త్వరగా అయిపోతాయి. మామూలు పెట్టె అయినా కుడివైపు కిటికీ దొరికితే చాలు. సొరంగం చీకటి విడగానే లోయ ఒక్కసారిగా కళ్లముందుకొస్తుంది, పిల్లల్ని అటే కూర్చోబెట్టండి. అరకు చుట్టూ వలిసె పూలు పసుపు ఆరబోసినట్టుండేది ఈ రోజుల్లోనే. ఫొటోల కోసం చేలోకి దిగి తొక్కకండి, అది రైతు నూనెగింజల పంట.

అరకు దారిలో ఉన్న బొర్రా గుహల్లో మెట్లు చాలా ఎక్కువ, పైగా తడిగా జారుతుంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మగారిని లోపలికి తీసుకెళ్లొద్దు. ఒకరు ఆవిడతో బయటే ఉండండి.

సబ్‌మెరైన్ మ్యూజియంకి సోమవారం సెలవు. సాయంత్రం అయిదున్నరకే పొద్దుగూకుతుంది కాబట్టి కొండ మీది పార్కు కైలాసగిరికి నాలుగింటికల్లా చేరండి. ఆర్కే బీచ్‌లో మాత్రం పిల్లల్ని మోకాలి లోతుకి కూడా దింపొద్దు. వెనక్కి మళ్లే అల కాళ్ల కింద ఇసుకను లాగేస్తుంది.