స్లీప్ ఆప్నియా ఉంటే వికలాంగుల పింఛను వస్తుందా?

మీరుండేది ఒడిశాలోని రాయగడ, నాన్నగారికి స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి మాటిమాటికీ ఆగే జబ్బు), రాత్రిళ్లు సీప్యాప్ మిషన్ (మాస్కు ద్వారా గాలి పంపేది) పెట్టుకుంటారు, వికలాంగుల సర్టిఫికెట్ వస్తుందా అని అడిగారు. ఒక్క ఆప్నియా పేరు మీదైతే రాదండి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో అది లేదు. స్లీప్ టెస్టులో ఊపిరి గంటకు 30 సార్లకు పైగా ఆగుతోందని, అంటే తీవ్రమని తేలినా అంతే. నాకైతే ఇది అన్యాయమే అనిపిస్తుంది.

పక్షవాతం లాంటిది వచ్చి కాలో చెయ్యో పడిపోయి ఉంటే మాత్రం సంగతి వేరు. ఆ వైకల్యం ఎంత శాతమో మెడికల్ బోర్డు కొలుస్తుంది. 40 శాతం, ఆపైన ఇస్తేనే చాలా పథకాలకు అర్హత. సర్టిఫికెట్‌కి స్వావలంబన్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో అప్లై చేయండి. విశాఖలో తీయించిన రిపోర్టులు ఎటూ ఇంగ్లిషులోనే ఉంటాయి, ఒడియాలోకి మార్పించాలన్న టెన్షన్ అక్కర్లేదు.

నాన్నగారికి 60 దాటి, ఆదాయం తక్కువైతే ఒడిశా ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛనులో వృద్ధాప్యం కింద ప్రయత్నించడమే తేలిక.