తొలి నవలకు అసలు కష్టం ఎక్కడ?

నవల రాసేశాను, పుస్తకంగా తేవడంలో ఇబ్బందులేంటి అని అడిగారు. పెద్ద ఇబ్బంది ఎడిటింగే. తెలుగులో చాలా ప్రచురణ సంస్థలకు విడిగా ఎడిటర్లు ఉండరు. ప్రూఫులు చూస్తారు, అంటే అచ్చుతప్పులు దిద్దుతారు, అంతే. నా నవలలో ఐదో అధ్యాయంలో మేనత్తగా వచ్చిన మనిషి పన్నెండో అధ్యాయానికి పిన్ని అయిపోయింది. పైకి చదివి వినిపిస్తుంటే మా అమ్మ పట్టుకుంది. మీరూ ఎవరికైనా అలా వినిపించండి, తప్పకుండా.

మనం ఫోన్‌లో, కంప్యూటర్‌లో మామూలుగా టైప్ చేసే యూనికోడ్ ఫైల్‌ను డీటీపీలో, అంటే పుస్తకం పేజీలు కూర్చేటప్పుడు, అను ఫాంట్లకు (అచ్చు పనిలో వాడే తెలుగు ఫాంట్లు) మారిస్తే కొన్నిసార్లు వత్తులు చెదిరిపోతాయి. మళ్లీ ప్రూఫ్ చూడాల్సిందే.

వారపత్రికల సీరియళ్లు తగ్గాక చాలామంది తొలి నవలకు సొంత డబ్బే పెడుతున్నారు. అందుకే ముందు ప్రింట్ ఆన్ డిమాండ్‌లో, అంటే కావాల్సినప్పుడు కావాల్సినన్నే అచ్చువేసే పద్ధతిలో, కొద్ది కాపీలే వేయించండి. పుస్తకాన్ని గుర్తించడానికి వేసే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది.